పార్సీ ఇంటిపేర్లు విప్పి చూద్దాం – 4వ పాఠం: ‘వాలా’ దగ్గర జారినవాళ్లకి

కిందటి పాఠం అభ్యాసంలో ఎక్కువమంది ఒకేచోట తప్పారు: పార్సీల (ఇరాన్ నుంచి గుజరాత్ తీరానికి వచ్చి స్థిరపడ్డ జరతుష్ట్ర మతస్థుల) ఇంటిపేర్ల చివర వచ్చే ‘వాలా’ దగ్గర. తారాపోర్‌వాలా అంటే ‘తారాపోర్ అనే సరుకు అమ్మేవాడు’ అని రాశారు. తప్పు పాఠానిదే. ‘వాలా అంటే వ్యాపారి’ అని ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకెళ్లడం వల్ల వచ్చిన చిక్కిది. ఈసారి చెప్పాల్సిన పూజారుల పేర్లను వెనక్కి జరిపి ముందు దీన్ని సరిచేద్దాం.

వాలా చెప్పేది ఒక్కటే: ముందున్న మాటకీ ఈ మనిషికీ సంబంధం ఉందని. ఏ సంబంధమో చెప్పదు. మనం ‘పాలవాడు’ అంటే పాలు పోసేవాడు, ‘గుంటూరువాడు’ అంటే గుంటూరు నుంచి వచ్చినవాడు. రెండుచోట్లా ఉన్నది అదే ‘వాడు’. బాట్లీవాలా (సీసాలు), దారూవాలా (సారా) పాలవాడి కోవ. తారాపోర్‌వాలా, పూనావాలా, నవసారీవాలా గుంటూరువాడి కోవ.

కాబట్టి పేరు చేతికి రాగానే వాలా కొట్టేయండి. మిగిలిన మాట కోసం నిఘంటువు తీయకండి, మ్యాపు తీయండి. గుజరాత్‌లోని భరూచ్ నుంచి ముంబై దాకా రైలుమార్గం, దాని పక్కనున్న తీరం వెతికితే సగం పేర్లు అక్కడే తేలతాయి. అక్కడ లేకపోతే సముద్రం దాటి చూడండి. యెమెన్‌లోని ఏడెన్ రేవులో వ్యాపారం చేసిన కుటుంబం ఏడెన్‌వాలా అయింది. ఎక్కడా దొరక్కపోతే అప్పుడు గుజరాతీ నిఘంటువు. నేను ఈ వరస ఎప్పుడూ తప్పను.

పేరు చివర ‘ఇయా’ ఉన్నా ఇదే పద్ధతి. కపాడియాలో ఉన్నది కాపడ్, అంటే బట్ట; అది పని. బిలిమోరియాలో ఉన్నది బిలిమోరా; అది ఊరు.

ఇక నాకు నిజంగా చిరాకు తెప్పించే తప్పుకి వద్దాం. వాడియా అంటే ఓడలు కట్టేవాడు. 1736లో లవ్‌జీ నుస్సర్వాన్‌జీ వాడియా సూరత్ నుంచి బొంబాయి వచ్చి ఈస్ట్ ఇండియా కంపెనీ కోసం ఓడలు కట్టే పనిలో దిగాడు. ఆ వంశం బొంబాయిలో మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే ఓడ 1817లో నీళ్లలోకి దిగింది. ఇవాళ్టికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది. ఇంతవరకూ బాగానే ఉంది. ఇది చదివి ఉద్వాడియాని కూడా ‘ఉద్ + వాడియా’ అని విరిచి ఓడల వాళ్లలో కలిపేస్తున్నారు. అది విరవాల్సిన చోటు కాదు. ఉద్వాడా + ఇయా. ఉద్వాడా గుజరాత్ తీరంలో ఊరు, పార్సీల పవిత్రాగ్ని ఇరాన్‌షా 1742 నుంచి ఉన్న చోటు. ఆ పేరుకి ఓడతో ఏ సంబంధమూ లేదు. చివర ఏముందో చూసి ఆగిపోకండి. ముందు మిగిలిన ముక్కకి విడిగా అర్థం ఉందా అని చూడండి. ‘ఉద్’కి లేదు, కాబట్టి విరుపు తప్పు.

తెలుగువాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. మిస్త్రీ మన మేస్త్రి, ష్రాఫ్ మన షరాబు, దలాల్ మన దలారి, వకీల్ ఎలాగూ వకీలే. కాంట్రాక్టర్, ఇంజనీర్ చెప్పక్కర్లేదు. నారీ కాంట్రాక్టర్, ఫరోఖ్ ఇంజనీర్ పేర్లు క్రికెట్ చూసేవాళ్లందరికీ తెలుసు. కానీ దస్తూర్ దగ్గర ఈ వెసులుబాటే ముంచుతుంది. మన దస్తూరి చేతిరాత. పార్సీ దస్తూర్ ప్రధాన పూజారి. గాంధీ, మోదీ, దేశాయ్ లాంటివి గుజరాత్‌లో మతంతో పనిలేకుండా వాడుకలో ఉన్న వృత్తినామాలు. ఫిరోజ్ గాంధీ పార్సీ. మహాత్ముడితో చుట్టరికం లేదు.

పేరు ఒకసారి వచ్చిందంటే తరతరాలూ ఉంటుందనీ అనుకోకండి. బొంబాయి వ్యాపారి జంషెట్‌జీ జీజీభాయ్ (1783–1859) మామగారి సీసాల వ్యాపారంలో చేరినందుకు ఆయన్నీ బాట్లీవాలా అన్నారు. బారొనెట్ అనే బ్రిటిష్ వంశపారంపర్య బిరుదు వచ్చాక, 1860 చట్టం ప్రకారం ఆ బిరుదు పొందే ప్రతి వారసుడూ జంషెట్‌జీ జీజీభాయ్ అనే పేరే పెట్టుకోవాలి. ఆ శాఖలో సీసా పేరు అక్కడితో పోయింది.

అభ్యాసం: భరూచా, లక్డావాలా, ఘడియాలీ, సురతీ, స్క్రూవాలా, రెడీమనీ. ఒక్కోదానికి విరుపు, ఏ భాష, ఊరా పనా, రెండేసి వాక్యాల్లో రాయండి. ఒకటి ఈ రెండు గళ్లలోనూ పట్టదు. దాన్ని బలవంతంగా తోయకుండా అది ఎందుకు పట్టదో రాయండి.

ఇంకొకటి, కాస్త కష్టమైనది. మీ ఇంట్లో పెళ్లి పిలుపుల జాబితా తీసి అందులోంచి 25 ఇంటిపేర్లు ఎంచండి. ఊరు, పని, మరొకటి అని మూడు వరసలు గీయండి. ‘కరణం’ లాంటివి తేలిగ్గా పడతాయి. మిగతావాటికి ఊహ రాయకండి. ఆ ఇంటి పెద్దవాళ్లని అడిగి, వాళ్లు చెప్పిన ఊరు మ్యాపులో చూసుకుని, దొరికితేనే ఊరు వరసలో రాయండి. దొరకనివి ఖాళీగా వదిలి పంపండి.