ప్లస్ వన్ కత్తి బదులు వానరాయి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్రగా, పాచికలేస్తూ కథ నడిపే ఆట) నడిపేవాళ్లకు ఒక చిట్కా. ప్లస్ వన్ కత్తి అనే మాయ కత్తి ఇస్తే అటాక్ రోల్‌కి (దెబ్బ తగిలిందో లేదో తేల్చే పాచిక), డ్యామేజీకి ఒకటి చొప్పున కలుస్తుంది, అంతే. రెండు వారాల్లో ఆటగాడు దాన్ని మర్చిపోతాడు. మాయ వస్తువుకు ఒక షరతు పెట్టి చూడండి.

అనంతపురంలో మేం ఆడే ఆటలో నేనొక రాయి ఇచ్చాను. వజ్రకరూరు వైపు తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాలు వెతుకుతారు కదా, ఆలోచన అక్కడిదే. ఆ రాయి వానలో తడిస్తేనే వెలుగుతుంది. ఆ వెలుగులో రహస్య తలుపులు, పూడ్చిపెట్టిన సొమ్ము కనిపిస్తాయి. పది నిమిషాలే. బావినీళ్లు పోస్తే పనిచేయదు, వాననీళ్లే కావాలి. ఇక ఆటగాళ్లు ఊరూరా మబ్బుల గురించి అడగడం, వాననీళ్లు సీసాల్లో పట్టుకోవడం మొదలుపెట్టారు. చివరి సీసా ఇప్పుడు వాడాలా వద్దా అని అరగంట వాదించుకున్నారు! సీమలో పెరిగినవాళ్లకు ఆ టెన్షన్ విడిగా చెప్పక్కర్లేదు.

ఈ ఆట ఐదో ఎడిషన్‌లో అట్యూన్‌మెంట్ (మాయ పనిచేయాలంటే పాత్ర ముందు ఆ వస్తువుతో బంధం కుదుర్చుకోవడం) కావాల్సిన వస్తువులు ఒకరికి ఒకేసారి 3 మాత్రమే. ఈ రాయికి అది పెట్టలేదు, వాన షరతే సరిపోయింది.