కొత్త ఊరు, కొత్త కిరాణా – మూడో పాఠం: సంచి ధర కాదు, కిలో ధర

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? వారం రోజులు ఇంట్లో ఏ సరుకు ఎంత వాడారో రూపాయల్లో కాకుండా కిలోల్లో రాసి, నాలుగుంబావుతో హెచ్చించి నెల లెక్క తేల్చమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. లేకపోతే ఈ పాఠాన్ని ఇక్కడే ఆపి వారం తర్వాత రండి. ఊహించి రాసిన అంకెల మీద నెల బడ్జెట్ నిలవదు.

మన ఉదాహరణ కుటుంబం అదే: మంచిర్యాల నుంచి హనుమకొండకు మారిన భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. వారి కాగితంలో నెలకు బియ్యం 26 కిలోలు, నూనె 3 కిలోలు, కందిపప్పు 3 కిలోలు అని ఉంది. మంచిర్యాలలో తెలిసిన సేటు, తెలిసిన ధర. ఇక్కడ దుకాణానికో సంచి, సంచికో బరువు. కాబట్టి ఈసారి నేర్చుకోవలసింది ఒక్కటే: ప్రతి ధరనూ కిలో ధరకు తేవడం.

బియ్యంతో మొదలుపెడదాం. 2022 జూలై నుంచి 25 కిలోల వరకు ఉండే ముద్రిత సంచులపై 5 శాతం జీఎస్టీ పడింది. దాన్ని తప్పించుకోవడానికి చాలా మిల్లులు 26 కిలోల సంచి తెచ్చాయి. ఒక సంచి 26 కిలోలు, 1,456 రూపాయలు. పక్కది 25 కిలోలు, 1,425 రూపాయలు అనుకుందాం (ఈ పాఠంలో ధరలన్నీ లెక్క కోసం వేసుకున్నవే). మొదటిది కిలో 56, రెండోది 57. చూపుకు చవకైన సంచే ఖరీదైంది. ఇంకో మాట: పాత బియ్యం బాగా ఒదుగుతుంది, కొత్తది ముద్దవుతుంది. కిలోకు రెండు రూపాయలు ఎక్కువైనా పాతవే మేలు.

ఆహార భద్రత కార్డు ఉన్నవారికి ఈ లెక్కంతా మారిపోతుంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల చొప్పున సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురికి 24 కిలోలు. కార్డు మీద మంచిర్యాల చిరునామా ఉన్నా హనుమకొండ రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఇది తెలియక, చిరునామా మారేదాకా బియ్యం కొనుక్కుంటూ కూర్చునేవారు ఉన్నారు. మన కుటుంబం కొనవలసింది ఇక 2 కిలోలే.

నూనె దగ్గర కన్ను తెరిచి ఉంచండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. కానీ అదే సైజు ప్యాకెట్‌లో 850 గ్రాములవీ అమ్ముతున్నారు. 910 గ్రాములది 138 రూపాయలు, 850 గ్రాములది 132 అయితే కిలో ధర ఎంత? మొదటిది దాదాపు 152, రెండోది 155. ఆరు రూపాయలు తగ్గిందని సంతోషించిన చోటే కిలోకు మూడు రూపాయలకు పైగా ఎక్కువ ఇచ్చాం.

పప్పులకూ ఇదే పద్ధతి, మళ్లీ చెప్పను.

కూరగాయల్లో కిలో ధర ముందే తెలుస్తుంది, మరచిపోయేది ఆటో కిరాయి. కాజీపేట నుంచి హనుమకొండ రైతుబజారుకు వెళ్లి 8 కిలోలు కొంటే, కిలోకు 10 చొప్పున 80 మిగిలిందనుకోండి. రానుపోను ఆటోకు 60 ఇస్తే చేతిలో నిలిచేది 20. మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సులో వెళ్లే మహిళలకు ఆ 80 మొత్తం మిగులుతుంది. నేనైతే ఆకుకూరల కోసం అంత దూరం వెళ్లను, వీధిలోకి వచ్చే బండి చాలు.

మిరపకాయల సంగతి వేరు. వరంగల్‌కు కాపురం వచ్చి కారప్పొడి పొట్లాల్లో కొనడం నాకు అస్సలు నచ్చదు. ఇక్కడి చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఘాటు కావాలంటే కొంత తేజ రకం కలిపి మర పట్టించుకోండి. ఎనుమాముల మార్కెట్ యార్డులో బేరాలు క్వింటాళ్ల లెక్కన సాగుతాయి, నాలుగు కిలోల కోసం అక్కడికి పోనక్కర్లేదు. పత్రికలో యార్డు ధర చూసుకుని దుకాణంలో అడగండి. కాయ ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. చింతపండు, పసుపు కూడా ఆ రోజుల్లోనే. ఈ మూడింటికీ ఏడాదికి 4,800 అవుతుందనుకుంటే నెలకు 400 చొప్పున ఇప్పటినుంచే పక్కన పెట్టాలి. జూన్‌లో దిగినవారు సీజన్ దాకా పొట్లాలతో నెట్టుకురాక తప్పదు. ఆ ఖర్చు వేరే గడిలో రాయండి.

బడ్జెట్‌లో చుట్టాల గడి కూడా ఒకటి గీయండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. హనుమకొండలో మీకు ఇల్లుందని తెలిశాక వనదేవతల దర్శనానికి వెళ్లే బంధువులు మీ ఇంట్లో ఆగకుండా పోరు. వారి తిండికి, మొక్కుల ‘బంగారం’ అయిన బెల్లానికి కొంత ఉంచకపోతే ఆ నెల లెక్క ముక్కలే.

అభ్యాసం: టీ పొడి 200 గ్రాములు 96 రూపాయలు, 500 గ్రాములు 215. మీ ఇంట్లో నెలకు 150 గ్రాములే వాడతారు, మూత తీసిన పొడి రెండు నెలలు దాటితే వాసన పోతుంది. ఏది కొంటారు? కారణంతో రాసి ఉంచండి. వచ్చే పాఠంలో ఉద్దెర ఖాతా గురించి మాట్లాడే ముందు దీన్ని సరిచూద్దాం.