మందు కొట్టినా లాన్ గడ్డిలో డాలర్ స్పాట్ తెగులు తగ్గడం లేదా?

లక్షణం: గడ్డిలో నాణెమంత గుండ్రటి మచ్చలు, ఎండుగడ్డి రంగులో. తెల్లవారాక మంచు ఆరకముందు వెళ్లి చూస్తే వాటి మీద సాలెగూడులాంటి తెల్లటి బూజు. మందు కొట్టి పది రోజులైంది, మచ్చలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

ఇలాంటప్పుడు అందరూ చేసేది ఒక్కటే, డోసు పెంచడం. దయచేసి ఆగండి. డబ్బా తిప్పి, అందులో ఉన్న అసలు రసాయనం పేరు, దాని ఫ్రాక్ గ్రూపు నంబరు (శిలీంధ్రాన్ని ఒకే పద్ధతిలో దెబ్బతీసే మందులకు ఇచ్చే ఉమ్మడి నంబరు) చూడండి. లేబుల్ మీద నంబరు లేకపోతే రసాయనం పేరుతో వెతికితే దొరుకుతుంది. రెండు నిమిషాల పని. అయినా ఎవరూ చూడరు.

నేనూ చూడలేదు. థియోఫనేట్ మిథైల్ పనిచేయలేదని పక్కన పెట్టి, మందు మార్చానన్న ధీమాతో కార్బెండజిమ్ కొట్టాను. రెండూ గ్రూపు 1. అసలు థియోఫనేట్ మిథైల్ మొక్కలోకి వెళ్లాక మారేది కార్బెండజిమ్‌గానే! అంటే కొట్టిన మందే మళ్లీ కొట్టాను.

ఇక్కడ కిటుకంతా శిలీంధ్రం జన్యువుల్లో ఉంది. డాలర్ స్పాట్ తెచ్చే క్లారిరీడియా అనే శిలీంధ్రం మీ గడ్డి అంతటా ఒకేలా ఉండదు. కొన్నిటిలో మందు అతుక్కునే బీటా ట్యుబ్యులిన్ ప్రోటీన్ మారి ఉంటుంది. ఆ ప్రోటీన్ గొలుసులో 198వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారినా చాలు, మందుకు అక్కడ పట్టు దొరకదు. ఈ మార్పును మందు పుట్టించదు. మామూలువి చచ్చిపోతే, ముందే మారి ఉన్నవి మిగిలి మైదానమంతా ఆక్రమిస్తాయి. అప్పుడు డోసు రెట్టింపు చేసినా దండగే.

ప్రోపికొనజోల్, టెబుకొనజోల్ లాంటి గ్రూపు 3 మందుల కథ వేరు. అక్కడ పట్టు మెల్లగా సడలుతుంది: మూడు వారాలు ఆగే తెగులు రెండు వారాలకే, తర్వాత వారానికే తిరిగొస్తుంది. లోపలికి వచ్చిన మందును బయటికి తోసేసే పంపులను ఎక్కువగా తయారుచేసుకోవడం ఇందుకు ఒక కారణం. ఆ పంపులు వేరే గ్రూపుల మందులను కూడా తోసేయగలవు, కాబట్టి నంబరు మార్చినా ఒక్కోసారి నిరాశే.

అనుమానం తీరాలంటే ఈసారి మందు కొట్టేటప్పుడు ప్లైవుడ్ ముక్క ఒకటి గడ్డి మీద పరచండి, కొట్టగానే తీసేయండి. వారం తర్వాత ఆ చదరంలో మచ్చలు నిండి చుట్టూ బాగుంటే మందు పనిచేసినట్టే. లోపలా బయటా ఒకేలా మచ్చలుంటే ఆ గ్రూపును వదిలేయండి, మచ్చ అంచు నుంచి గడ్డి ముక్క తీసి ల్యాబ్‌కు పంపండి.

పరిష్కారం: మీ దగ్గర అనుమతి ఉంటే క్లోరోథలోనిల్ లాంటి, శిలీంధ్రాన్ని ఒకేసారి చాలా చోట్ల దెబ్బతీసే మందుకు మారండి. పొద్దున్నే మంచు దులపండి, నత్రజని తక్కువైతే కొంచెం వేయండి. ఈ తెగులు ఎక్కువగా గడ్డి తుక్కుతోనే పాకుతుంది, కాబట్టి మచ్చలున్న చోటు చివర్లో కోసి మోవర్ కడగండి.

నాజిల్ మూసుకుపోవడం, మందు పాతబడటం, కొట్టగానే వాన పడటం లాంటి మామూలు కారణాలు కూడా ఉంటాయి. అవి చూస్తే తెలిసిపోతాయి.