పెరట్లోకి సాధువైన కోళ్ల జాతిని ఎంచుకోవడం ఎలా

పెరట్లో నాలుగు కోళ్లను పెంచుకోవాలనుకునేవారు చాలావరకు గుడ్ల లెక్కతో మొదలుపెడతారు. కొన్ని నెలలు గడిచాక, చేయి చాపగానే రెక్కలు టపటపలాడించి గోడెక్కే కోడికంటే, నాలుగు గుడ్లు తక్కువ పెట్టినా కాళ్ల చుట్టూ తిరిగే కోడే నయమని వారికే తోస్తుంది. గాయానికి మందు రాయాలన్నా, కాలి గోళ్లు చూడాలన్నా, చీకటి పడే వేళకు గూట్లోకి తోలాలన్నా మచ్చికైన కోడితో పని నిమిషాల్లో ముగుస్తుంది. బెదురుగొడ్డుతో మాత్రం ప్రతిదీ ఒక వేటే. అందువల్ల స్వభావాన్ని చివర చూసుకునే ముచ్చటగా కాక, ఎంపికలో మొదటి వరుసలోనే నిలబెట్టడం మంచిది.

అయితే సాధువైన కోడి అనే మాటలో మూడు వేర్వేరు గుణాలు కలిసిపోయి ఉంటాయి. మొదటిది నెమ్మది, అంటే మనిషి దగ్గరికి వస్తే బెదిరిపోకుండా, ఎత్తుకుంటే గింజుకోకుండా ఉండటం. రెండోది చొరవ, అంటే పిలవకుండానే వచ్చి, మన చేతిలో ఏముందో తొంగిచూసే కుతూహలం. మూడోది తోటి కోళ్లతో మెతకగా మెలగడం. ఈ మూడూ ఒకే పక్షిలో ఉంటాయన్న హామీ ఏమీ లేదు. రోడ్ ఐలండ్ రెడ్ పెట్టకు చొరవ ఎక్కువే కానీ, గుంపులో పెత్తనం చేయడానికి వెనుకాడదు. కొచిన్ ఎంతో నెమ్మదైనది. అయితే తనంతట తానుగా వచ్చి ఒళ్లో కూర్చునే చురుకు దానిలో తక్కువ. అసీల్ మనిషి చేతిలో నిబ్బరంగా ఒదిగి ఉంటుంది గానీ, మరో కోడిని చూస్తే తలపడకుండా ఉండలేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే నెమ్మదికి, తోటపని చేస్తుండగా వెంట తిరిగే తోడు కావాలనుకుంటే చొరవకు, నాలుగైదు జాతులను కలిపి పెంచాలనుకుంటే మెతకదనానికి పెద్దపీట వేయాలి. తనకు కావలసినది వీటిలో ఏదో తేల్చుకోకుండా జాతుల పేర్లు వెతకడం మొదలుపెట్టినవారికి ప్రతి జాతీ మంచిదిగానే కనిపిస్తుంది.

జాతుల విషయంలో కొంతవరకు పనికొచ్చే కొండగుర్తు ఒకటి ఉంది. చైనా నుంచి 1840ల మొదలుకొని 1870ల దాకా బ్రిటన్‌కు, అమెరికాకు చేరిన భారీ కోళ్ల రక్తం ఏ జాతిలో పారుతోందో ఆ జాతి సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. కొచిన్, బ్రహ్మా, లాంగ్‌షాన్ ఈ కోవకు చెందినవే. బరువైన ఒళ్లు, వదులైన ఒత్తు ఈకలు ఉన్న ఈ పక్షులు ఎగరలేవు. ఎగిరి తప్పించుకోలేని పక్షికి నిలబడి చూసే అలవాటే ఎక్కువ. దీనికి భిన్నంగా మధ్యధరా ప్రాంతపు లెగ్‌హార్న్, మినోర్కా, అంకోనా తేలికపాటి శరీరంతో, ఒంటికి అతుక్కున్న ఈకలతో, ఎప్పుడూ ఏదో ఉలికిపాటుతో ఉంటాయి. వాటి చెవి తమ్మెలు తెల్లగా ఉంటాయి కనుక దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. లెగ్‌హార్న్ ఏడాదికి 280కి పైగా గుడ్లు పెట్టగలదు, తినేది కూడా తక్కువ. కాబట్టి దాన్ని పనికిరానిదిగా తీసిపారేయనక్కర్లేదు. కానీ ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి అది తగిన కోడి కాదు.

మొదటిసారి పెంచేవారికి ఒకే ఒక్క పేరు చెప్పమంటే నేను ఆర్పింగ్టన్ పేరే చెబుతాను. ఇంగ్లండ్‌లో అప్పట్లో కెంట్ ప్రాంతానికి చెందిన ఆర్పింగ్టన్ గ్రామంలో విలియం కుక్ 1886లో ఈ జాతిని నల్లని రంగులో తయారు చేశాడు. నేడు ఎక్కువమంది ఇష్టపడే లేత బంగారు రంగు బఫ్ ఆర్పింగ్టన్ 1890లలో వచ్చింది. పెట్ట మూడు, మూడున్నర కిలోల దాకా తూగుతుంది, నడుము ఎత్తు కంచె దాటడానికి కూడా ఉత్సాహం చూపదు, ఎత్తుకుంటే చంకలో సర్దుకుని కూర్చుంటుంది. లోపం లేదని కాదు. ఇది తరచుగా పొదుగుకు కూర్చుంటుంది, అలా కూర్చున్న మూడు వారాలూ గుడ్లు ఉండవు. ఎంత సాధువైన పెట్టయినా ఆ రోజుల్లో చేయి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని పొడుస్తుంది. గుడ్లు కూడా ముఖ్యమనుకునేవారు దీని ఆస్ట్రేలియా సంతానమైన ఆస్ట్రలార్ప్‌ను చూడవచ్చు. 1922–23లో ఆరు ఆస్ట్రలార్ప్ పెట్టలు 365 రోజుల్లో 1,857 గుడ్లు పెట్టాయి, అంటే ఒక్కోదానికి సగటున 309కి పైగా. నేటి పెరటి పెట్ట నుంచి అంత ఆశించకూడదు గానీ, నెమ్మదితనమూ గుడ్లూ ఒకచోట కలవడం అసాధ్యం కాదని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

చొరవ కావాలనుకునేవారికి మచ్చల ససెక్స్, చారల ప్లిమత్ రాక్ నచ్చుతాయి. మచ్చల ససెక్స్ పలుగు చప్పుడు వినిపిస్తే చాలు, మట్టి తిరగేసే చోటికి వచ్చి నిలబడుతుంది. గోధుమ రంగు గుడ్ల కోసం తయారైన ఐసా బ్రౌన్ వంటి సంకరజాతి పెట్టలను చాలామంది వ్యాపారపు కోళ్లని చిన్నచూపు చూస్తారు కానీ, మనిషికి ఇంత త్వరగా మచ్చికయ్యే కోళ్లు తక్కువ. వాటితో వచ్చే బాధ వేరు: ఏడాదికి 300 గుడ్ల దాకా పెట్టే ఆ శరీరం త్వరగా అలసిపోతుంది, గుడ్లు పెట్టే అవయవాలకు సంబంధించిన జబ్బులు రెండు మూడేళ్లకే మొదలవుతాయి. పిల్లలు పేరు పెట్టి పిలుచుకునే కోడి అయితే ఈ సంగతిని ముందుగానే ఆలోచించుకోవాలి.

పిల్లలున్న ఇంటికి ఎక్కువగా సూచించే జాతి సిల్కీ. దీని ఈకల్లో నూగును ఒకదానికొకటి పట్టి ఉంచే సన్నని కొక్కేలు ఉండవు, అందుకే తాకితే పట్టులా, బొచ్చులా అనిపిస్తుంది. చర్మం నలుపు, ఎముకలు నలుపు, మామూలు కోడికి నాలుగు వేళ్లయితే దీనికి ఐదు. ఎగరదు, పొడవదు, ఎంతసేపు ఎత్తుకున్నా ఊరుకుంటుంది. కానీ ఆ ఈకల నిర్మాణం వల్లనే వాన నీరు జారిపోకుండా ఒంటిదాకా ఇంకిపోతుంది. తడిసిన సిల్కీని తుడిచి ఆరబెట్టాల్సిందే. కళ్లమీద పడే కుచ్చు వల్ల పక్కనుంచి వచ్చేది కనిపించదు, గద్దకు సులువుగా చిక్కుతుంది. కోళ్లకు పక్షవాతం తెచ్చే వైరస్ జబ్బు మారెక్స్ ఈ జాతికి తేలిగ్గా సోకుతుంది కాబట్టి, గుడ్డులోంచి వచ్చిన వెంటనే టీకా వేసిన పిల్లలనే తీసుకోవాలి. పైగా చాలా నెలల దాకా పెట్టో పుంజో తేల్చడం కష్టం. అన్నీ పెట్టలే కావాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

సిల్కీ, తలపై ఈకల గోపురంతో ఉండే పోలిష్, గడ్డంతో పాటు ఐదు వేళ్లుండే ఫ్రాన్స్ దేశపు ఫావెరోల్, ఈ మూడూ ఎంత మెతకవో అంతగా తోటి కోళ్ల చేత దెబ్బలు తింటాయి. జాతిని ఎంచుకునేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కోళ్ల గుంపులో ఎవరు ఎవరిని పొడవవచ్చో ఒక వరుస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్‌డెరుప్ ఎబ్బే 1920ల ఆరంభంలోనే వివరించాడు. ఆ వరుసలో అట్టడుగున ఉన్న పక్షి మేత దగ్గరికి రాలేదు, చూపు ఆనని కుచ్చు ఉంటే దెబ్బ ఎటునుంచి పడుతుందో కూడా తెలియదు. అలాంటి పక్షి కొన్ని వారాల్లోనే మనిషిని చూసి కూడా బెదిరిపోతుంది, అప్పుడు తప్పు జాతిదనిపిస్తుంది. కనుక మెతక జాతులను మెతక జాతులతోనే, చొరవ ఉన్న వాటిని వాటి సాటివాటితోనే ఉంచాలి. సిల్కీల పక్కన రోడ్ ఐలండ్ రెడ్‌ను పెట్టకూడదు. ఆర్పింగ్టన్, కొచిన్, ఫావెరోల్ ఒకచోట చక్కగా ఇముడుతాయి. నేనైతే ఒక జాతిని ఎంచుకోవడం కంటే, ఒకచోట ఇమిడే గుంపును ఎంచుకోవడాన్నే అసలు పనిగా భావిస్తాను.

వాతావరణాన్ని మరచిపోకూడదు. ఒత్తు ఈకల భారీ జాతులు చలిని సులువుగా ఓర్చుకుంటాయి, వేడికి మాత్రం నోరు తెరిచి రొప్పుతాయి. ఎండలు తీవ్రంగా ఉండేచోట వాటికి రోజంతా నీడా చల్లని నీరూ తప్పనిసరి. కాళ్లకు ఈకలున్న కొచిన్, బ్రహ్మా బురద నేలకు తగవు, తడి మట్టి అంటుకున్న ఆ ఈకల కింద పొలుసుల పురుగు చేరుతుంది. ఇక చోటు సంగతి: గూట్లో ఒక్కో పెద్ద కోడికి సుమారు నాలుగు చదరపు అడుగులు, బయటి ఆవరణలో పది చదరపు అడుగులైనా ఉండాలి. ఇరుకులో సాధుజాతి కూడా పొడుచుకుంటుంది. బరువైన కోళ్లకు రాత్రి వాలే కర్రను తక్కువ ఎత్తులో అమర్చకపోతే, దూకినప్పుడల్లా పాదాలకు దెబ్బ తగిలి పుండు పడుతుంది.

జాతి నిర్ణయమయ్యాక చూడవలసింది పెంపకందారు మందను. జాతి ఒకటే అయినా, ప్రదర్శనల కోసం రంగు, ఆకారం మాత్రమే చూసి పెంచిన వంశానికీ, తరతరాలుగా నెమ్మదైన పక్షులనే నిలుపుకున్న వంశానికీ ఎంతో తేడా ఉంటుంది. పిల్లల కంటే ముందు తల్లిదండ్రులను చూపించమని అడగాలి. ఆవరణలోకి వెళ్లి, నిలబడకుండా నేలకు దగ్గరగా కూర్చుని, ఐదు నిమిషాలు కదలకుండా ఉండాలి. కోడికి ఆపద సాధారణంగా పైనుంచే వస్తుంది కనుక, నిలువెత్తు మనిషిని చూసి పారిపోయినంత మాత్రాన అది పిరికిదని చెప్పలేం. కూర్చున్న మనిషి దగ్గరికి రెండు మూడైనా వస్తే ఆ మంద మంచిది. అక్కడి పుంజు ఎలా ఉందో ప్రత్యేకంగా గమనించాలి, ఎందుకంటే ప్రతి పిల్లకూ వారసత్వంలో సగం దాని నుంచే వస్తుంది. గుడ్లకు వచ్చే వయసు పెట్ట చేయి చాపగానే వంగి, రెక్కలు కాస్త విప్పి నేలకు అణిగితే, అమ్మేవారు ఎంత మచ్చికో చూడండని చెప్పవచ్చు. అది ప్రేమ కాదు, పుంజుకు లొంగే భంగిమ. త్వరలో గుడ్లు పెడుతుందన్న దానికి మాత్రం నమ్మదగిన గుర్తు.

రోజుల పిల్లలను తెచ్చుకుంటే మచ్చిక చేయడం మన చేతుల్లోనే ఉంటుంది. మొదటి వారం బ్రూడర్‌లో, అంటే పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలో, 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం ఉంచి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. చేతిని పైనుంచి దించకుండా పక్కనుంచి పోనిచ్చి, అరచేతిలో గింజలుంచి, వాటంతట అవి ఎక్కేదాకా ఆగాలి. రోజుకు రెండు మూడుసార్లు కొద్ది నిమిషాల చొప్పున ఇలా చేస్తే చాలు. కోడిపిల్లలను తాకిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి, వాటిని ముద్దు పెట్టుకోకుండా చిన్నపిల్లలకు నేర్పాలి. ఆరోగ్యంగా కనిపించే కోడి నుంచి కూడా కడుపును పాడుచేసే సాల్మొనెల్లా క్రిమి సోకవచ్చు.

పుంజుల విషయంలో ఈ మచ్చిక ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. ఒళ్లో పెరిగి మనిషంటే జంకు పోయిన పుంజు, నాలుగైదు నెలల వయసు వచ్చేసరికి మనిషినే పోటీదారుగా చూసి కాళ్లతో తన్నడం మొదలుపెట్టవచ్చు. గుడ్లు పెట్టడానికి పెట్టలకు పుంజు అవసరం లేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో పుంజు లేకుండా గడిపితేనే మేలు. ఉంచాలనుకుంటే మాత్రం కొచిన్, బ్రహ్మా, ఫావెరోల్ పుంజులు మిగిలినవాటికంటే నెమ్మదైనవి, అయినా వాటి దగ్గర పసివాళ్లను ఒంటరిగా వదలకూడదు.

ఎన్ని కోళ్లతో మొదలుపెట్టాలన్నది చివరి నిర్ణయం. కోడి ఒంటరిగా బతకగల పక్షి కాదు కనుక మూడుకు తగ్గకూడదు. తర్వాత మరికొన్నింటిని చేర్చాలనిపిస్తే ఒక్కదాన్ని ఎప్పుడూ తేవద్దు, రెండు తెస్తే దెబ్బలు రెండింటి మధ్య పంచుకోబడతాయి. కొత్తవాటిని నాలుగు వారాలు వేరుగా ఉంచి జబ్బులేమీ లేవని చూసుకున్నాక, మరో వారం రోజులు జాలీ కంచెకు అటూ ఇటూ ఉంచి ఒకదానికొకటి కనిపించేలా చేయాలి. ఆ తర్వాత చీకటి పడ్డాక, పాతవి నిద్రలో ఉండగా, కొత్తవాటిని వాలే కర్ర మీద వాటి పక్కన కూర్చోబెట్టాలి. మర్నాడు తెల్లవారకముందే లేచి, గూటి తలుపు తీసే సమయానికి రెండో మేత పాత్రను, రెండో నీళ్ల పాత్రను ఆవరణలో మరో మూల సిద్ధంగా పెట్టి ఉంచాలి.