ఇంటి నిర్మాణం మధ్యలో వచ్చే అనుకోని మార్పులను ఎలా ఎదుర్కోవాలి?

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో సొంత ఇల్లు కట్టుకునేవారు చాలామంది చదరపు అడుగుకు ఇంత అని కాంట్రాక్టరుతో మాట్లాడుకుని, ఆ ధరలోనే అన్నీ పూర్తవుతాయని భావిస్తారు. పునాది తవ్వాక నేల మెత్తగా ఉందని తేలినా, ఇనుము ధర పెరిగినా, వాస్తు చూసినవారు మెట్లు జరపమన్నా ఆ లెక్క మారిపోతుంది.

మొదట, ధర మాట్లాడుకోకముందే మట్టి పరీక్ష చేయించాలి. నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది కనుక, దానికి తగని పునాది వేస్తే గోడలు పగుళ్లిస్తాయి. ఇటువంటి నేలలకు అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు వాడుతుంటారు. అవి అవసరమో కాదో స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి. ఇంటి గచ్చు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో (ప్లింత్ ఎత్తు) కూడా ఇప్పుడే నిర్ణయించుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదకు మునిగిన విజయవాడ సింగ్‌నగర్ వంటి చోట్ల, నీరు ఎంతవరకు వచ్చిందో ఇరుగుపొరుగువారిని అడిగి తెలుసుకోవడం మేలు.

తరువాత, ఒప్పందంలో సిమెంటు, ఇనుము రకాలతో పాటు అదనపు పనుల రేట్లు, ధరలు మారితే తేడా ఎవరు భరించాలో రాసుకోవాలి. ఈ షరతు ధర పెరిగినా, తగ్గినా వర్తించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పెరుగుదల గురించి మాత్రమే రాసుకున్న యజమానికి ఇటువంటి తగ్గింపును అడిగే ఆధారం ఉండదు.

ఇక మార్పు వచ్చినప్పుడు ఆ భాగం వరకు పని ఆపించి, ఏమి మారుతోంది, ఎందుకు, ఎంత ఖర్చు, ఎన్ని రోజుల ఆలస్యం అన్నవి ఒక కాగితంపై రాసి, ఇద్దరూ సంతకం చేసిన తరువాతే పని సాగనివ్వాలి. చేయించుకోని పని విలువను తగ్గించడం కూడా అందులోనే ఉండాలి. ఒక గోడ వద్దనుకుంటే దాని ఇటుక, ప్లాస్టరింగ్ ఖర్చు బిల్లులోంచి పోవాలి, కానీ దీన్ని అడిగేవారు తక్కువ. యజమాని ఇంట్లోవారు తలొకరు నేరుగా మేస్త్రీకి నోటిమాటగా పనులు చెప్పడమే చాలా తగాదాలకు మూలమని నా అభిప్రాయం. మెట్లు, బాత్రూముల మార్పులను స్లాబు సెంట్రింగుకు (కాంక్రీటు పోయడానికి కింద అమర్చే అచ్చు పనికి) ముందే ముగించాలి. ఆమోదం పొందిన ప్లానును దాటే మార్పైతే, సవరించిన ప్లానుకు ముందుగా అనుమతి తీసుకోవాలి.

అపార్ట్‌మెంట్ కొనేవారి పరిస్థితి వేరు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, చిన్న సవరణలు మినహా, కొనుగోలుదారు ముందస్తు సమ్మతి లేకుండా ఆ ఫ్లాటు ప్లానును బిల్డరు మార్చరాదు. భవన ప్లానునో ఉమ్మడి స్థలాలనో మార్చాలంటే కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతి కావాలి. అందువల్ల సమ్మతి పత్రం ముందుకు వస్తే, రెరాలో నమోదైన ప్లానుతో పోల్చి చూసిన తరువాతే సంతకం చేయాలి, దాని నకలు తీసుకోవాలి.