పీసీఎన్ కట్టలేదని ఇంటికి బైలిఫ్ వస్తే

ముందు తలుపు తీయకండి. మిగతాదంతా తర్వాత.

ఇంగ్లాండ్, వేల్స్‌లో ఉంటూ, కౌన్సిల్ వేసిన పార్కింగ్ పీసీఎన్ (పెనాల్టీ చార్జ్ నోటీస్, అంటే జరిమానా నోటీసు) ఎక్కడో మిస్సయి చివరికి బైలిఫ్ (బాకీ వసూలుకి ఇంటికి వచ్చే ఏజెంట్) దాకా వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నా. స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు. బైలిఫ్‌ని ఇప్పుడు కాగితాల్లో ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్ అంటారు, రెండూ ఒకటే. అతనితో కిటికీలోంచో ఫోన్‌లోనో మాట్లాడొచ్చు, సర్టిఫికెట్ చూపించమని అడగొచ్చు. పార్కింగ్ బాకీ కోసం మొదటిసారి మీ ఇంటికి వచ్చి తలుపు పగలగొట్టే అధికారం అతనికి లేదు. కానీ మీరే తలుపు తీశాక లోపలికి నడిచి వచ్చి, సామాన్ల లిస్టు రాసి, కంట్రోల్డ్ గూడ్స్ అగ్రిమెంట్ (సామాన్లు మీ దగ్గరే ఉంచుకుని వాయిదాల్లో కడతామని ఒప్పుకునే కాగితం) మీద మీ సంతకం తీసుకున్నాడనుకోండి, తర్వాత మీరు వాయిదా తప్పితే నోటీసు ఇచ్చి బలవంతంగా కూడా లోపలికి రావొచ్చు. పొద్దున 6 నుంచి రాత్రి 9 లోపు రావాలి. ఇంట్లో 16 ఏళ్ల లోపు పిల్లలు మాత్రమే ఉంటే లోపలికి రాకూడదు.

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే వాళ్లకి ఈ మాట ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే మీరు ఆఫీసులో ఉన్నప్పుడు మర్యాద కొద్దీ తలుపు తీసేది వాళ్లే. ఇంగ్లిష్ సరిగా అర్థం కానివాళ్లని ఇబ్బంది పెట్టకూడని వాళ్ల కింద చూడాలని బైలిఫ్‌లకి ప్రభుత్వం పెట్టిన ప్రమాణాల్లోనే ఉంది. గర్భిణులు, జబ్బుగా ఉన్నవాళ్ల గురించి కూడా ఉంది. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే ఆ కంపెనీకి ఈమెయిల్‌లో రాసి పెట్టండి, నోటితో చెప్పింది నిలవదు.

ఇంకోటి, అసలు వచ్చింది బైలిఫేనా? సూపర్ మార్కెట్ పార్కింగ్ లాంటి చోట్ల ప్రైవేటు కంపెనీలు పంపే నోటీసు కూడా చూడ్డానికి పీసీఎన్‌లాగే ఉంటుంది. అది కోర్టు జరిమానా కాదు. ఆ కంపెనీ కౌంటీ కోర్టులో కేసు వేసి గెలిచి, అప్పటికీ మీరు కట్టకపోతేనే బైలిఫ్ వస్తాడు. అంతకు ముందు ఉత్తరాలు పంపేది డెట్ కలెక్టర్లు, వాళ్లకి మీ కారు ముట్టుకునే హక్కు కూడా లేదు. కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం వస్తే మాత్రం దాన్ని పక్కన పడేయకండి.

కౌన్సిల్ పీసీఎన్‌కి ఒక వరుస ఉంది. ముందు కారు ఓనర్‌కి వచ్చే నోటీస్ టు ఓనర్, దాని తర్వాత మొత్తాన్ని సగం పెంచే చార్జ్ సర్టిఫికెట్, తర్వాత నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్ ద్వారా ఆర్డర్ ఫర్ రికవరీ (బాకీ వసూలు ఆర్డర్), ఆ తర్వాతే బైలిఫ్‌ని పంపే వారంట్. వీటిలో మీకు ఏవి అందాయో, ఏవి అందలేదో కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే మీ కేసు అంతా దాని మీదే నిలబడుతుంది. మనవాళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే: ఇల్లు మారాం, లైసెన్స్‌లో అడ్రస్ మార్చుకున్నాం, కారు లాగ్‌బుక్‌లో మార్చలేదు. ఉత్తరాలన్నీ పాత ఇంటికి పోయాయి.

మీది అదే పరిస్థితి అయితే బైలిఫ్‌తో వాదించి లాభం లేదు, ఆ వారంట్‌ని రద్దు చేయడం అతని చేతిలో లేదు. నార్తాంప్టన్‌లోని ఆ సెంటర్‌కే రాయాలి. పార్కింగ్ అయితే రెండు ఫారాలు, గడువు దాటాక ఎందుకు రాస్తున్నారో చెప్పే టీఈ7, నోటీసు అందలేదని చెప్పే టీఈ9. ఫీజు లేదు. లండన్ కంజెషన్ చార్జ్ (సెంట్రల్ లండన్‌లో కారు నడిపితే కట్టాల్సిన రుసుము) కట్టలేదని వచ్చే పీసీఎన్ లాంటివాటికి పీఈ2, పీఈ3 ఉంటాయి, పీఈ3ని సొలిసిటర్ లాంటివాళ్ల ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. టీఈ7లో 'నాకు తెలియదు' అని ఒక ముక్క రాసి వదిలేస్తే తిరస్కరించే అవకాశం ఎక్కువ. ఏ తేదీన ఇల్లు మారారు, రుజువుగా టెనెన్సీ అగ్రిమెంటో కౌన్సిల్ టాక్స్ బిల్లో ఏముంది, ఈ విషయం మొదటిసారి ఏ రోజు తెలిసింది, వరసగా రాయండి. నోటీసు అందినా అందలేదని మాత్రం రాయకండి. అది కోర్టు ధిక్కారం కిందికి వస్తుంది, వీసా మీద ఉన్నవాళ్లు అసలు ఆ దారికే పోవద్దు.

ఫారాలు అందాక నిర్ణయం వచ్చేదాకా రికవరీ ఆగాలి, కాబట్టి పంపిన రుజువు బైలిఫ్ కంపెనీకి, కౌన్సిల్‌కి ఇద్దరికీ ఈమెయిల్ చేయండి. సెంటర్ ఒప్పుకుంటే బైలిఫ్ ఫీజులు పోతాయి కానీ పీసీఎన్ పోదు, కేసు వెనక్కి వెళ్లి కట్టడానికో అప్పీలు చేయడానికో మీకు మళ్లీ అవకాశం వస్తుంది. తిరస్కరిస్తే 14 రోజుల్లో ఎన్244 ఫారంతో జడ్జిని అడగొచ్చు, దానికి ఫీజు ఉంది.

ఈలోగా కారు ఇంటి ముందు పెట్టకండి. టెన్షన్‌లో అందరూ మర్చిపోయేది ఇదే. బైలిఫ్‌కి కావాల్సింది మీ సోఫా కాదు, డ్రైవ్‌వే మీదో రోడ్డు మీదో కనిపించే కారు, దానికి లోపలికి రావాల్సిన పనే లేదు, కదలకుండా చక్రానికి క్లాంప్ వేస్తే చాలు. తాళం వేసిన గరాజ్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే ఇంటికి దూరంగా పెట్టండి. కారు ఫైనాన్స్‌లో ఉంటే ఆ అగ్రిమెంట్ కాపీ వెంటనే పంపండి, అప్పు తీరేదాకా అది పూర్తిగా మీది కాదు. వికలాంగుల బ్లూ బ్యాడ్జ్ పెట్టి ఉన్న కారుని తీసుకోకూడదు.

నోటీసులన్నీ నిజంగానే అంది, తప్పు మనదే అయితే త్వరగా కట్టేయడమే మేలు. 2014లో పెట్టినప్పుడు బైలిఫ్ ఫీజులు ఇలా ఉండేవి: నోటీస్ ఆఫ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ (బైలిఫ్ రాబోతున్నాడని ముందుగా పంపే నోటీసు) దశలో 75 పౌండ్లు, మనిషి ఇంటికి వచ్చాడంటే ఇంకో 235, సామాన్లు అమ్మే దశకి వెళ్తే మరో 110. ఆ నోటీసుకీ మనిషి రావడానికీ మధ్య ఏడు పూర్తి రోజులు ఇవ్వాలి, ఆదివారాలు, బ్యాంక్ హాలిడేలు లెక్కలోకి రావు. ఒకేసారి కట్టలేకపోతే ఆ ఏడు రోజుల్లోనే నెలకి ఎంత కట్టగలరో లెక్క చూపించి ఈమెయిల్ పెట్టండి. సిటిజన్స్ అడ్వైస్ వాళ్లు, నేషనల్ డెట్‌లైన్ వాళ్లు డబ్బు తీసుకోకుండా ఆ లెక్క వేసుకోవడానికి సాయం చేస్తారు, సిగ్గుపడకుండా ఫోన్ చేయండి.

లాగ్‌బుక్‌లో అడ్రస్ మార్చడం డీవీఎల్ఏ (వాహనాలు, లైసెన్స్‌లు చూసే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో ఉచితం. లైసెన్స్‌లో మార్చినంత మాత్రాన ఇది మారదు, రెండూ విడివిడిగా చేయాలి, ఈ రోజే ఒకసారి తీసి చూసుకోండి.