చిన్న వైనరీకి బయలుదేరే ముందు

ద్రాక్ష కోతల కాలం దగ్గర పడుతోంది. చిన్న వైనరీలకు, అంటే వైన్ తయారుచేసే చోట్లకు, వెళ్లి వైన్ రుచి చూడాలనుకునేవారు ముందే సరిచూసుకోవలసినవి ఇవి.

• తిరుగు ప్రయాణంలో కారు ఎవరు నడుపుతారో ఇంట్లోనే తేల్చుకోండి. ఒక్కో రకం 30 మిల్లీలీటర్లే పోసినా, ఆరు రకాలయ్యేసరికి 180 మిల్లీలీటర్లు అవుతుంది. అంటే మామూలుగా ఒక గ్లాసులో పోసే వైన్ కంటే ఎక్కువే. నడిపేవారు ఆ రోజు ముట్టుకోకూడదు.

• ఖాళీ కడుపుతో వెళ్లకండి. మత్తు త్వరగా ఎక్కుతుంది.

• కొన్న సీసాలను ఎండలో నిలిపిన కారులో వదలకండి. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, తాజాదనం పోయి ఉడికిన పండు రుచి వస్తుంది. ఒక కుటుంబం ఏడాది పొడవునా పడిన శ్రమ కొన్ని గంటల్లో అలా పాడైపోతే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఒక థర్మాకోల్ పెట్టె వెంట ఉంచుకోండి.

• ముందుగా ఫోన్ చేయండి. చిన్నచోట తోట పని చేసేవారే అతిథులకూ వైన్ పోస్తారు. కోత రోజుల్లో వారికి తీరిక ఉండదు.

• అత్తరు, సెంటు వద్దు. వైన్ రుచిలో ఎక్కువ భాగం వాసనే, సెంటు ఘాటు మీకే కాదు, పక్కవారికి కూడా దాన్ని చెడగొడుతుంది.

• తీపి రకాలను చివరికి ఉంచండి. వాటి తర్వాత తీపి లేని వైన్ పుల్లగా, పలచగా తోస్తుంది.

• నచ్చినదాని ద్రాక్ష రకం, కోత సంవత్సరం రాసుకోండి. వానలూ ఎండలూ మారితే మరుసటి ఏడు అదే పేరుతో వచ్చే సీసా రుచి వేరుగా ఉంటుంది.